పాత పత్రికలు – మన వంశచరిత్రలు

తద్దినము పెట్టు ఆచారము గల యిండ్లలో పురోహితుడు మూడు తరముల పేర్లు పలికించును: తండ్రి, తాత, ముత్తాత. ఆ పేర్లును గోత్రమును ఇంటివారికి కంఠస్థముగా నుండును. కాని ముత్తాతగారి తండ్రి యెవరు, ఏ యూరినుండి బరంపురము వచ్చిరి, ఏ వృత్తి చేసిరి, ఎప్పుడు గతించిరి అని పిల్లవాడు అడిగినచో సమాధానము చెప్పగలవారు అరుదు. ఆ యాచారము లేని యిండ్లలో ముత్తాతగారి పేరే మరుగున పడియుండును. వంశవృక్షము వ్రాసి తెమ్మని పాఠశాలలో చెప్పినప్పుడు పిల్లలు తెచ్చు కాగితములలో మూడవ మెట్టు దాటినవి మిక్కిలి తక్కువగా నుండుట మేము చూచుచునే యున్నాము.

ఈ లోటు తీరుటకు తాళపత్రములును శాసనములును అక్కరలేదు. మన తాతల కాలమున అచ్చుపడిన వార్తాపత్రికలు, ముఖ్యముగా వానిలోని నిర్యాణ వార్తలు, చాలవరకు తోడ్పడును. వానిని ఎక్కడ వెదకవలెను, ఎట్లు చదువవలెను, ఎంతవరకు నమ్మవలెను అను విషయములను తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గంజాము తెలుగువారికి ఈ పనిలో ఇతర ప్రాంతముల తెలుగువారికి లేని చిక్కు ఒకటి కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మన జిల్లా మద్రాసు రాజధానిలోనిది. ఆ దినమున బరంపురము, ఛత్రపురము, అస్కా, పర్లాకిమిడి పట్టణములు ఒరిస్సాలో చేరినవి. ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళము మద్రాసు రాజధానియందే యుండి, విశాఖపట్టణము జిల్లాలో కలిసి, తరువాత 1950లో శ్రీకాకుళము జిల్లాగా ఏర్పడినవి. అన్న ఇచ్ఛాపురములోను తమ్ముడు బరంపురములోను కాపురముండిన కుటుంబము ఒక్క రాత్రిలో రెండు రాష్ట్రముల కుటుంబమైనది. ఎవరును ఇల్లు కదలకున్నను వారిని గూర్చిన కాగితములు రెండు దారులు పట్టినవి: అంతకు ముందటివి మద్రాసునందు నిలిచినవి, తరువాతివి కటకమునకును, పిదప భువనేశ్వరమునకును చేరినవి. పత్రికలలోని వార్తలకును ఇదే గతి పట్టినది.

పర్లాకిమిడిలో చిరకాలము ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి విషయము చూడుడు. సవర భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చినవారు. 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడిపినవారు. (గ్రాంథికమును జీవితాంతము ఎదిరించిన ఆ మహాశయుని గూర్చి మేము గ్రాంథికముననే వ్రాయుచుండుటకు ఆయన యాత్మ నవ్వుకొనును గాక.) పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి, 1940 జనవరి 22వ తేదీన గతించిరి. ఆయన నిర్యాణమును గూర్చి తెలిసికొనగోరువాడు పర్లాకిమిడి కాగితములలో వెదకినచో కాలము వృథా యగును. మద్రాసునుండి వెలువడిన తెలుగు దినపత్రికలనే చూడవలెను. సామాన్య కుటుంబముల విషయమునను ఇంతే. మనిషి ఎక్కడ గతించెనో దానికంటె, ఆ వార్తను ఎవరు, ఏ భాషలోని ఏ పత్రికకు పంపియుందురో ముందు ఆలోచింపవలెను.

అందుకు ఏ పత్రిక ఎప్పుడు పుట్టినదో తెలిసియుండవలెను. మద్రాసులో ‘హిందూ’ 1878లో వారపత్రికగా వెలసి 1889లో దినపత్రిక యైనది. బందరులో ‘కృష్ణాపత్రిక’ 1902లో పుట్టినది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’ 1914 ఏప్రిల్ 1 నుండి మద్రాసులో దినపత్రికగా వెలువడినది; గంజాము తెలుగువారి సమాచారమునకు మాకు తెలిసినంతలో దీనిని మించిన గని లేదు. ‘ఆంధ్రప్రభ’ 1938లో వచ్చినది. మన బరంపురముననే శశిభూషణ రథ్‌గారు 1913లో ‘ఆశ’ అను ఒడియా పత్రికను స్థాపించిరి. ఊరిలో పేరున్న వకీలో వైద్యుడో అయినచో తెలుగువాడైనను ఆయనను గూర్చి దానిలో నాలుగు పంక్తులు పడియుండవచ్చును. గోపబంధు దాసుగారి ‘సమాజ’ 1919 నాటిది. 1974లో విశాఖపట్టణమున ‘ఈనాడు’ ప్రారంభమైన పిదప సరిహద్దునకు ఆవలి బంధువుల వార్తలకు అది దగ్గరి పత్రిక యైనది. కావున 1910లో గతించిన పెద్దమనిషిని గూర్చి తెలుగు దినపత్రికలో వెదకుట శ్రమయే గాని ఫలము లేదు. వారపత్రికలను, ఇంగ్లీషు పత్రికను చూడవలెను.

మరణవార్తలను పత్రికలో అచ్చొత్తించుట మన దేశమున పుట్టిన ఆచారము కాదు. లండనులో 1731లో ప్రారంభమైన ‘జెంటిల్‌మెన్స్ మాగజీను’ జనన వివాహ మరణములను వరుసగా ప్రకటించుచుండెను. ఆ పద్ధతి ఇంగ్లీషు పత్రికల ద్వారా మనకు వచ్చి, మన యాచారములను కలుపుకొని వేరొక రూపము తాల్చినది.

నిర్యాణ వార్త అనిన ఒకటే తీరుది కాదు. ఊరి పేరు మొదట వేసి విలేఖరి పంపిన రెండు మూడు పంక్తుల వార్త యొకటి. నల్లని అంచుతో ఇంటివారు రుసుము చెల్లించి వేయించు ప్రకటన యొకటి. దీనిలో కుమారుల పేర్లు, అల్లుండ్ర పేర్లు, పండ్రెండవనాటి కర్మ జరుగు చోటు ఉండును. ఏడాది తిరిగినప్పుడు ఛాయాచిత్రముతో వేయించు స్మృత్యంజలి వేరొకటి. వకీళ్ల సంఘమో, పఠన మందిరమో, పాఠశాలయో సభ జరిపి చేసిన సంతాప తీర్మానము మరియొకటి. దీనిని చాలమంది చూడకయే పుట త్రిప్పుదురు. మేము మాత్రము దీనికే ఎక్కువ విలువ నిత్తుము. ‘అజాతశత్రువు’, ‘దీనజన బాంధవుడు’ అను మాటలు అన్ని వార్తలలోను ఒక్కటే. అవి అచ్చుకూటమున సిద్ధముగా నుండెడి దిమ్మల వంటివి. తీర్మానములో నైతే ఆయన ఆ సంఘమున ఎన్ని యేండ్లు సభ్యులో, ఏ పదవిలో నుండిరో వ్రాయుదురు. అక్కడినుండి ఆ సంఘపు పాత నివేదికలకు దారి దొరకును.

మాటలను బట్టియు కొంత తెలియును. ‘పరమపదించిరి’ అనిన వైష్ణవ కుటుంబము కావచ్చును. ‘శివసాయుజ్యము పొందిరి’ అనిన శైవము. ‘ప్రభువునందు నిద్రించిరి’ అనిన క్రైస్తవము. ‘స్వర్గస్థులైరి’, ‘కాలధర్మము చెందిరి’ అనునవి అందరికిని వర్తించును. ఐనను ఉపసంపాదకుడు తన కలవాటైన మాటనే అన్ని వార్తలలోను వేసియుండవచ్చును గనుక దీనినొక సూచనగానే కొనవలెను.

చుట్టరికపు మాటలు ఇంకను జాగ్రత్తగా చదువవలసినవి. మన భాషలో పినతండ్రి కుమారుడును తమ్ముడే, పెదతల్లి కుమారుడును అన్నయే. ‘వీరి సోదరులు పర్లాకిమిడిలో వకీలు’ అని యున్నంత మాత్రమున ఒకే తండ్రి బిడ్డలని వ్రాసికొనరాదు. మేనరికములు గల కుటుంబములలో ఒకే మనిషి మేనల్లుడును అల్లుడును అగును, ఒక పత్రికలో ఒక మాట, వేరొక పత్రికలో వేరొక మాట పడియుండును, రెండును నిజమే. దత్తత పోయినవాని ఇంటిపేరు మారును, గోత్రము మారును, వార్తలో పెంపుడు తండ్రి పేరే యుండును. ‘ఈ పేరుగలవారు మా వంశములో లేరు’ అని పెద్దలు త్రోసివేసిన కత్తిరింపులను దత్తత సంగతి యడిగి మరల చూడవలెను.

పేర్ల చిక్కు మన జిల్లాలో మరీ హెచ్చు. బరంపురమున 1894 ఆగస్టు 10న జన్మించి 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా నుండిన గిరిగారి పూర్తి పేరు వరాహగిరి వెంకటగిరి. ఆయన తండ్రి, బరంపురమున న్యాయవాది, వరాహగిరి వెంకట జోగయ్య పంతులుగారు. ఇంగ్లీషు పత్రికలో తండ్రియు ‘వి.వి.’యే, కుమారుడును ‘వి.వి.’యే. ఇంటిపేరు ఒక్క అక్షరముగా కుంచించుకొని పోవుటచే మొదటి రెండక్షరములు చూచి మనిషిని గుర్తించుట అసాధ్యము. వేరొక ఉదాహరణము: మద్రాసు ప్రభుత్వమున 1921 నుండి 1926 వరకు విద్యామంత్రిగా నుండిన బరంపురవాసి సర్ అన్నెపు పరశురామదాసు పాత్రోగారు. ఇంటిపేరు ‘అన్నెపు’ ముందున్నది. ‘పాత్రో’ చివర నున్నది. ఇంగ్లీషు పుస్తకముల అకారాది సూచికలో ఆయన ‘పాత్రో’ క్రింద నుండును; తెలుగు సూచికలో ‘అన్నెపు’ క్రింద నుండును. ఒడియా కాగితములలో ఇంటిపేరు చివరకు పోవుటయే గాక, మన ‘వ’ అక్కడ ‘బ’ యగును. వెంకటయ్య బెంకటయ్యగా, వరాహగిరి బరాహగిరిగా కనబడును. కావున వెదకుటకు పూర్వము ఇంటిపేరును ఎన్ని విధముల వ్రాయవచ్చునో ఒక కాగితముపై వ్రాసికొని, అన్నిటి క్రిందను చూడవలెను.

ఇక తేదీలు. మన యిండ్లలో మరణము తిథిని బట్టి జ్ఞాపకముండును. పత్రిక తేదీని బట్టి నడచును. ‘ధాత సంవత్సరమున పోయినారు’ అని ముసలమ్మ చెప్పినచో అది 1936–37 కావచ్చును, 1876–77 కూడ కావచ్చును. ఆ పేరు అరువదియేండ్ల కొకసారి వచ్చును. 1876 నాటి ధాత కరవు పేరు పెద్దలు వినియే యుందురు. ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినదియు ధాతలోనే. ప్రమాది, ప్రమాదీచ అను రెండు పేర్లను జనము ఒకటిగా పలుకుదురు. మొదటిది 1939–40, రెండవది 1913–14. సంవత్సరము ఉగాదితో మొదలగును గనుక పుష్య మాఘ ఫాల్గుణములు చాలవరకు తరువాతి ఇంగ్లీషు సంవత్సరమున పడును. రామమూర్తి పంతులుగారు గతించిన 1940 జనవరి 22 ప్రమాది పుష్యమాసమే; ‘ప్రమాది యనగా 1939’ అని చూచువాడు ఆ వార్తను ఎన్నడును కనుగొనలేడు. ఒడియా కాగితములలో పూరీ గజపతుల అంకము వ్రాసియున్నచో మరియొక మెలిక: ఆ లెక్కలో ఒకటవ అంకమును, ఆరుతోను సున్నతోను ముగియు అంకములను, పదిని మాత్రము విడువక, దాటిపోవుదురు. కావున అంకమును ఉన్నదున్నట్లు కూడరాదు, తీసివేయరాదు. పంజి తెలిసినవారిని అడుగవలెను.

పత్రికలోని ‘నిన్న’, ‘గత సోమవారము’ అను మాటలు వార్త పంపిన దినమును బట్టి వ్రాసినవి. అచ్చుపడిన దినమును బట్టి కాదు. బరంపురమునుండి జాబు మద్రాసు చేరి అచ్చగుటకు కొన్ని దినములు పట్టును. వారపత్రిక యైనచో ఇంకొక వారము. వయస్సు కూడ ‘సుమారు అరువది’ అని గుండ్రముగా వేయుదురు. షష్టిపూర్తి జరిగిన సంవత్సరము ఇంటిలో తెలిసినచో దానినే ఎక్కువగా నమ్మవచ్చును.

ఈ పనిలో మిక్కిలి బాధ కలిగించునది స్త్రీల పేర్లు లేకుండుట. ‘ఫలాని పంతులుగారి ధర్మపత్ని సుమంగళిగా దివంగతురాలైరి’ అని యుండును. ఆమె పేరుండదు, పుట్టింటి పేరు అసలే యుండదు. నలుగురు బిడ్డలను కని పెంచి, ఇంటిని నడిపిన యామె అచ్చులో ఇంకొకరి పేరు వెనుక నిలిచియున్నది. ఆమెను వెదకుటకు తండ్రి నిర్యాణ వార్తలో అల్లుండ్ర పేర్లు చూడవలెను. వివాహ వార్తలు, పాఠశాల బహుమతుల జాబితాలు, దేవాలయపు చందాల పట్టికలు చూడవలెను. పత్రికకంటె గట్టి యాధారము మరియొకటి గలదు: కుమార్తెకు పసుపు కుంకుమల క్రింద భూమి యిచ్చినచో ఆ దానపత్రము రిజిస్టరు అయియుండవచ్చును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము వ్రాసియిచ్చినవారి పేర్లకును పుచ్చుకొన్నవారి పేర్లకును ఒక సూచిక, ఆస్తికి వేరొక సూచిక ఉంచుదురు. మొదటి సూచికలో ఆమె తన సొంత పేరుతోనే కనబడును.

పత్రికలో పేరెక్కని వారు స్త్రీలు మాత్రమే కారు. మన యూరి పట్టు నేతగాండ్రు, జాలరులు, గోపాలపురము రేవున ఓడ యెక్కి రంగూనునకు పోయిన కూలీలు, వీరి మరణములకు నల్లని అంచు ప్రకటనలు లేవు. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలకును బర్మావారికిని జరిగిన కొట్లాటలలోను, 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు కాలినడకన తిరిగివచ్చిన దారులలోను ఎందరో మరణించిరి. పత్రికలు సంఖ్యలు వ్రాసినవే గాని పేర్లు అరుదుగా వ్రాసినవి. విచిత్ర మేమన, నాటాలు దేశమునకు చెరకు తోటల పనికి పోయినవారి జాడ ఇంతకంటె సులభము. 1860లో మద్రాసునుండి ‘ట్రూరో’ అను ఓడ డర్బను చేరినది మొదలు 1911 వరకు, ఒప్పందము వ్రాసి పోయిన ప్రతి మనిషికిని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, గ్రామము ఓడ జాబితాలలో వ్రాసియుంచిరి. బర్మాకు మేస్త్రీల వెంట పోయినవారికి అట్టి జాబితాలు లేవు. ఇట్టి కుటుంబములవారు నిర్యాణ వార్తలను వదలి, పత్రికల చివరి పుటలను చూడవలెను: కోర్టు ప్రకటనలు, వేలము ప్రకటనలు, సహకార సంఘముల నోటీసులు, భాగస్వామ్యము రద్దు చేసికొన్న ప్రకటనలు, ‘కనబడుట లేదు’ అను ప్రకటనలు. అప్పు తీర్చలేక మగ్గము వేలమునకు పోయిన సంగతి ఇంటివారికి గౌరవముగా తోచకపోవచ్చును. కాని ఆ ప్రకటనలో తండ్రి పేరు, వీథి పేరు, వృత్తి మూడును ఉండును.

ఈ పత్రికలు ఎక్కడ దొరకును? మొదట ఇంటిలోనే. ట్రంకుపెట్టె అడుగున పరచిన కాగితము, పంచాంగములో మడిచి పెట్టిన ముక్క, దేవుని పటము వెనుక అంటించిన పుట, వీనిని చూడకుండ ఏ గ్రంథాలయమునకును పోవలదు. పిదప బాపట్ల జిల్లా వేటపాలెమునందలి సారస్వత నికేతనము. 1918లో స్థాపింపబడిన ఆ గ్రంథాలయము పాత తెలుగు పత్రికల సంపుటములకు ప్రసిద్ధి కెక్కినది. రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయము, మద్రాసులో 1896 నాటి కన్నెమరా గ్రంథాలయము కలవు. 1936కు పూర్వపు ప్రభుత్వ కాగితములకు మద్రాసు ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్ర భాండాగారము, తరువాతి వానికి భువనేశ్వరములోని ఒడిశా భాండాగారము చూడవలెను. పాత తెలుగు పత్రికల పుటలు కొన్ని నేడు కంప్యూటరుపైనను చదువ వీలగుచున్నది. ఐతే పాత అచ్చును యంత్రము సరిగా చదువలేదు గనుక పేరు కొట్టి వెదకినంత మాత్రమున దొరకకపోవచ్చును. తేదీ పట్టుకొని పుట పుట త్రిప్పుటయే మేలు.

దొరకిన వార్తను అంతిమ సత్యముగా కొనరాదు. న్యాయస్థానములు పత్రికలోని వార్తను వినికిడి మాటగానే పరిగణించును. వారసత్వపు తగవులలో కత్తిరింపు చూపి గెలువజాలము. దాని ప్రయోజనము వేరు: తేదీయు ఊరును తెలిసినచో మరణముల రిజిస్టరులో ఏ పుట చూడవలెనో తెలియును. మద్రాసు రాజధానిలో జనన మరణముల నమోదునకు 1899లో చట్టము చేసిరి. నేడు అమలులో నున్న 1969 నాటి చట్టము ప్రకారము రిజిస్టరులో వెదకించి నకలు పొందుటకు ఎవరికైనను వీలున్నది. మరణకారణము మాత్రము ఆ నకలులో తెలుపరు.

కత్తిరింపులను కాపాడుట గూర్చి రెండు మాటలు. పత్రికల కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. అందుచే ఎండ తగిలినను తేమ తగిలినను పసుపువన్నెకు తిరిగి పెళుసగును. మన సముద్రపు గాలికి ఇంకను త్వరగా చెడును. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద తీరము దాటిన ఫైలిన్ తుపాను వంటిది వచ్చినచో పెట్టెలోనివి కూడ నిలువవు. కత్తిరింపునకు జిగురుపట్టీ అంటింపరాదు, లామినేషను చేయింపరాదు. మొదట ఛాయాచిత్రము తీయవలెను. తీయునప్పుడు పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య పడునట్లు చూచి, ఆ చిత్రమును రెండు మూడు ఊళ్లలోని బంధువుల వద్ద ఉంచవలెను. తేదీ లేని ముక్క యైనచో వెనుకప్రక్క చదువుడు. అక్కడి సినిమా ప్రకటనయో, బంగారపు ధరయో, ఎన్నికల వార్తయో సంవత్సరమును పట్టియిచ్చును.

వేసవి సెలవులలో ఇచ్ఛాపురము, సోంపేట, టెక్కలి నుండి బంధువులు వచ్చినప్పుడు వారి యింటి కత్తిరింపులను కూడ తెమ్మని ముందుగా జాబు వ్రాయుడు. ఆవలి పెట్టెలలో తెలుగు పత్రికల ముక్కలు ఎక్కువగా నుండును. మన పెట్టెలలో 1936 తరువాతి ఒడియా కాగితములు. ఆవలి పిల్లలు ఒడియా చదువలేరు; ఇక్కడనే యుండియు తెలుగు నేర్వని మన బంధువుల పిల్లలు ఆ ముక్కలలో తమ ముత్తాత పేరును గుర్తింపలేరు. మన పాఠశాలలో ఏడవ తరగతి చదువు పిల్ల రెండు లిపులను చదువగలదు. రెండు పెట్టెలలోని కాగితములను ఒకే చాపపై పరచి, ఆమెచేత పెద్దలకు బిగ్గరగా చదివించుడు. వారు ఏ పేరువద్ద ఏమి చెప్పినదియు, చెప్పినవారి పేరును తేదీని వేసి, ప్రక్కన వ్రాయించుడు.